గంట కొట్టే పని

కాజీపేటకు రైలు రెండు గంటలు లేటు.
జడ్జీలు ముగ్గురూ అందులనే ఉన్నరు.
ఆడిటోరియంల ముప్పై ఒక్క టీములు
ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్సు చుట్టూ
చలిమంట కాగుతున్నట్టు కూసున్నయి.

ఫ్లెక్సీ మీద ఆవిష్కరణకు ఒక దీర్ఘం ఎక్కువైంది.
ఆవిష్కారణ.
చూసింది తెలుగు సారు ఒక్కడే,
ఆయన పొద్దంతా దానికి వీపు పెట్టి కూసున్నడు.

కన్వీనర్‌ని నేను. అంటే
బగారన్నం పొట్లాలు నూట నలభై లెక్కపెట్టేది నేను,
మైకు బ్యాటరీల కోసం హన్మకొండ చౌరస్తా దాక ఉరికింది నేను,
థర్మాకోల్ చెక్కు మీద పేరు జాగ ఖాళీ ఉంచి
మార్కర్ జేబుల పెట్టుకున్నది నేను.
ఐదు నిమిషాలు కాంగనే గంట కొట్టేది కూడ నేనే.
గంట దొరకలే. అటెండర్ మొగిలి
వర్క్‌షాపుల నుంచి ఇనుప పట్టా తెచ్చి
స్పానర్ చేతిల పెట్టిండు.
"మెల్లగ సార్, దీని సప్పుడు హాస్టల్ దాక పోతది."

యాప్‌లు పద్దెనిమిది. డ్రోన్లు మూడు,
ఒకటి ఎగిరి ఫ్యానును చూసి భయపడ్డది.
ఆరు టీముల మొదటి స్లైడు మీద ఒకే రైతు,
అదే తలపాగ, అదే నవ్వు,
ఆయనది ఏ ఊరో ఎవ్వరికీ తెల్వది.
ఠంగు. ఠంగు.
మాట మధ్యల కొడితే పిల్లలు
చేప లెక్క నోరు తెరిచి ఆగిపోతరు.
కొన్నింటికి సంతోషంగనే కొట్టిన, దాచుడెందుకు.

ఇరవై మూడో టీము జాటోత్ ప్రమీల, ఈసీఈ మూడో సంవత్సరం.
ఫారంల రెండో సభ్యుని పేరు ధర్మా, వృత్తి వ్యవసాయం.
రూలు ప్రకారం విద్యార్థులే ఉండాలె.
వారం కిందనే చూసిన, చూసి ముద్ర గుద్దిన.

"ఇది తేమ మీటర్. పదకొండు వందలైంది.
మొన్న ఏనుమాముల యార్డుకు పట్టుకపోయిన,
మా నాయన తేజ కాయ రాశి పోసిండు.
ఖరీదుదారు రాశిల చెయ్యి పెట్టి
ఒక కాయ నలిపి, తేమ పద్నాలుగన్నడు.
నా మీటర్ పదకొండున్నర చూపెట్టింది.
ఆఫీసుల ఉన్న పెద్ద మిషన్ కూడ పదకొండున్నరే.
రేటు పద్నాలుగుకే కట్టిండు."

తర్వాతి స్లైడ్ లేదు.

"అంటే మీ ప్రాడక్ట్ ఫెయిలైనట్టేనా?"
"లేదు సార్. మీటర్ మంచిగ పనిచేస్తది.
ఆ చెయ్యి కూడ మంచిగనే పనిచేస్తది,
ఎవలకు చెయ్యాల్నో వాళ్ళకు."

"మరి కస్టమర్ ఎవరమ్మా?"
"ఇంక దేవులాడుతున్న సార్."

ఆరు నిమిషాలు. ఆరున్నర.
మొగిలి నా దిక్కు చూస్తున్నడు.
స్పానర్ చేతిల బరువైంది, చెమట పట్టింది.
నవ్వుదామని వచ్చిన వెనక బెంచీ
పొట్లం కాయితం చప్పుడు కూడ ఆపింది.
ఆమె అడిగింది నన్నే:
"టైమ్ అయిపోయింది గద సార్?"

మార్కుల కాయితంల మార్కెట్ అన్న గడిల
ఒక జడ్జి సున్నా పెట్టి, కొట్టేసి,
ప్రశ్న గుర్తు రాసిండు.
కంప్యూటరుకు ప్రశ్న గుర్తును కూడ రాదు.
మొత్తం ఆగిపోయింది, వెనకంగ జడ్జీల కారు హారన్.
నేను మూడు కొట్టిన.
మూడు ఎందుకంటే, ఏమో. మూడు.

డ్రోన్ పిల్లలు గెలిచిన్రు.
చెక్కు ఆటోల పట్టలే.
టాప్ మీద నలుగురు చేతులు పెట్టి పట్టుకుంటే
సుబేదారి మూల మలుపుల గాలికి లేచుడు కనపడ్డది.

రాత్రి ఫ్లెక్సీ చుడుతుంటే
ఇరవై మూడో బల్ల మీద ఒక తేజ కాయ.
వేళ్ళ నడుమ పెట్టి నలిపిన.
పుటుక్కుమన్నది.
పదకొండో పద్నాలుగో
నా చేతికి తెలువలే.

ఆ చేతితోనే కండ్లు తుడుసుకున్న.
మొగిలి బకెట్ల నీళ్ళు తెచ్చిండు,
ఏమీ అడగలే.