రెండడుగులు వెనక్కి

బడ్జెట్ మీటింగులో పద్నాలుగో వరుస చుట్టూ
ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు అకౌంటెంట్ నబీల్.
"ట్రైనింగ్ ఖర్చు. దీనివల్ల ఎన్ని ఫిల్టర్లు అమ్ముడుపోయాయి?"
ఏసీ గాలికి కాగితం అంచు లేస్తోంది, పడుతోంది.
లెక్క చెప్పడం నా పని.
చెప్పలేకపోయాను.

ఎలా చెప్పను,
ఆ లెక్క మొదలైంది పంతొమ్మిదేళ్ల కింద
షార్జా రోల్లాలో, ఒక కెఫెటీరియా వెనక,
పాలడబ్బా బోర్లించి కూర్చుని
లింబాద్రన్న నాచేత బూట్ల లేసులు
విప్పించి మళ్లీ కట్టించిన పొద్దున అని?

"గంట కొట్టినవా, రెండడుగులు ఎనక్కి జరుగు.
తలుపు తీసినామె ముందుగాల నీ మొకం సూడది,
నీకూ తనకూ నడుమ జాగ సూస్తది."

బ్యాగు చేతికిచ్చి అజ్మాన్ విల్లాల వీధిలో దింపాడు.
ఆగస్టు. గేట్ల ఇనుము వేళ్లను కాల్చేది.
ఆ రోజు ముప్పై ఒక్క తలుపులు,
ముప్పై ఒక్కటీ మూసుకున్నాయి.
రాత్రి ఆయన అమ్మకాల ఊసెత్తలేదు.
"ఎవలేమన్నరో చెప్పు" అన్నాడు.
ఏడుగురి మాటలే గుర్తొచ్చాయి నాకు.
"అంటే ఇరవై నాలుగిండ్ల కాడ నువ్వే మాట్లాడినవ్"
అని పప్పు వడ్డించాడు.

ఆయన దగ్గరొక నల్లట్ట నోట్‌బుక్కు,
అరబ్బీ మాటలు తెలుగు అక్షరాల్లో.
బుక్రా: రేపు. దాని కింద పెన్సిలుతో,
రేపు కాదు, నీ పేరు యాదుంటే సూద్దాం అని.
ఖలాస్: అయిపోయింది. దండం పెట్టి పో, మూతి ముడవకు.
ఇంషాల్లా ఎదురుగా మాత్రం ఏమీ రాయలేదు.
అడిగితే, "ఇంకా తెల్వలే" అన్నాడు.

రెండో నెలలో ఒక సూడానీ పెద్దాయనకు,
ఒంటరి మనిషికి, పదిమందికి సరిపోయే మెషిన్ అంటగట్టి
ఎగురుకుంటూ వచ్చాను.
లింబాద్రన్న టీ తాగించాడు.
తాగాక నన్ను బస్సెక్కించి అదే ఇంటికి తీసుకెళ్లి
నా నోటితోనే చెప్పించాడు: మీకు చిన్నది చాలు బాబా.
రెండు వందల డెబ్బై దిర్హాములు
నా కమిషన్‌లోంచి పోయాయి.
తిరుగు బస్సులో ఒక్క మాట తిట్టలేదు.
తిడితే బాగుండు అనిపించింది.

మోకాళ్లు అరిగాక ఆయన మెట్‌పల్లి వెళ్లిపోయాడు.
కంపెనీ ఒక ఫిల్టర్ బహుమతిగా ఇచ్చింది.
అక్కడి నీళ్లకు అది పనికిరాదని
విమానాశ్రయంలో నాకు చెప్పి, నవ్వి,
అయినా మోసుకుపోయాడు.

తర్వాత మెర్లిన్ వచ్చింది సెబూ నుంచి.
మూడు వారాలు ఒక్క ఆర్డరూ లేదు.
తీసెయ్యమన్నారు. పాలడబ్బా దొరకలేదు గానీ
మెట్ల మీద కూర్చోబెట్టి రోజూ అడిగాను,
ఎవరు ఏమన్నారు?
ఇప్పుడు ఆమె కింద ఆరుగురు.
అందులో దంబర్ అనే నేపాలీ కుర్రాడు
నిన్నటిదాకా గుడారాలు మోసినవాడు,
ఎవరి కళ్లలోకీ చూడలేనివాడు.

మీటింగయ్యాక అల్ నహ్దా మీదుగా వస్తుంటే
ఒక సెలూన్ గాజు తలుపు ముందు దంబర్ కనిపించాడు.
కారు పక్కకు ఆపాను.
చెమట తుడుచుకున్నాడు. వంగి, లేసు బిగించాడు.
గంట కొట్టాడు.
రెండడుగులు వెనక్కి జరిగాడు.

లింబాద్రన్న పేరు వాడెన్నడూ వినలేదు.
మెర్లిన్ కూడా వినలేదు, నేను చెప్పలేదు.
ఎందుకు చెప్పలేదో
స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను.

నబీల్‌కు ఫోన్ చేశాను.
పద్నాలుగో వరుస కొట్టేసే ముందు
ఒక్క పూట నాతో రా, ఏసీ గదిలోంచి బయటికి,
లేసులున్న బూట్లు వేసుకో అన్నాను.

కాసేపు కీబోర్డు చప్పుడు.
ఇంషాల్లా, అన్నాడు.