అక్షరానికి ఇరవై

నీవా వంతెన దాటినాక, నల్లరాయి పాలిష్ పట్టే షెడ్డులో
గుణశేఖర్ చెవిమీది పెన్సిలు తీసి అడిగినాడు:
"పేరు?"

ఏసుపాదం భార్య, అన్నాడు చిన్నాయన.
కరుణాకరం తల్లి, అన్నాడు కరుణాకరం,
అంటే మా నాయన.
సంఘం పుస్తకంలోనూ అంతే. బాప్తిస్మం వరుసలో
"పై వాని భార్య".

"అక్షరానికి ఇరవై. ఒత్తులకి వేరే.
తల్లికి ఒత్తుంది, చూసుకోండి."

ఆదివారం బడిలో సమ్సోను కత చెప్పేది నేనే.
దూత రెండుసార్లూ ముందు ఆమెకే కనపడినాడని చెప్తాను.
ఆమె పేరేంది టీచర్, అంటే
మానోహ భార్య, అని బోర్డు తుడిచేస్తాను.

యూదుల పెద్దలు అట్ల తుడిచెయ్యలేదంట.
ఎవరన్నా నిలదీస్తే నోరు తడబడకూడదని
లేని పేర్లు వెతికి పెట్టుకున్నారంట.
సమ్సోను తల్లి స్లెల్పోనీత్.
అబ్రాహాము తల్లి అమత్లాయి.
యూదుల్ని మొదలంటా నరకజూసిన హామాను,
వాని తల్లీ అమత్లాయే.
ఆ ముసలోళ్ళకి చెయ్యెట్లాడిందో!
నాకు మాత్రం ఇద్దరు అమత్లాయిలూ
ఒకే కొళాయి కాడ
బిందెలు జరుపుకుంటా కనపడతారు.

దావీదు తల్లి నిత్సెవెత్.
నిలబడినది అని అర్థమంట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
అవ్వ ఇరవై రెండు ఎండాకాలాలు
గుజ్జు ఫ్యాక్టరీలో నిలబడే ఉండింది,
తోతాపురి తొక్క తీస్తా,
సొన కాలిన వేళ్ళతో.

తెల్లారి పళనెమ్మ ఇంటికి పోయినాను.
"మీ అవ్వా? మేం మూడో బల్ల అంటాంటిమి.
కూలి చీటీ మీద వేలిముద్రే కదా.
ఒకసారి గేటు కాడికి ఎవరో వచ్చినాడు, తమ్ముడంట,
ఒక పేరు పెట్టి అరిచినాడు.
కత్తి అట్లే పారేసి పరిగెత్తింది మేయ్!
సూపర్‌వైజర్ తిట్టినా తిరిగి చూడలేదు.
ఏం పేరబ్బా...
'నా'తో మొదలు.
నాగమ్మో, నాంచారో,
మిషన్ల మోతలో తక్కింది వినపడలే."

సాయంత్రం ఇరవై రూపాయలు తీసి బల్లమీద పెట్టినాను.
"ఒక్కటే అక్షరం. నా.
పక్కన జాగా వదులు."

గుణశేఖర్ పెన్సిలు ఆపినాడు.
"నా... ఎవరు?"

చిన్నాయన గొంతు సవరించుకున్నాడు.
మా నాయన రాతిపొడిలో చెప్పు ముక్కుతో
ఏదో గీసి
తనే చెరిపేసినాడు.