మౌంటు కింద మిల్లీమీటరు

కరెంటు నిలకడగా ఉండేది రాత్రి ఒంటిగంట దాటాకే.
అప్పుడు మొదలెడతాను.
సిలికా పొట్లాల మధ్య నుంచి ఒక్కో స్లైడూ తీసి
ఊది, లైటుకి అడ్డం పెట్టి చూసి
స్కానరు నోట్లో పెడతాను.
గరగరమంటుంది, ఆగుతుంది, మళ్ళీ గరగర.
ఒక్కో బొమ్మకి ఆరు నిమిషాలు.
ఉన్నవి పదకొండు వందల నలభై.

నరసాపురం లేసు కంపెనీ కేటలాగు కోసం
ఎనభై ఎనిమిది నుంచి తొంభై నాలుగు దాకా తీసినవి.
నల్ల వెల్వెట్టు మీద తెల్ల లేసు.
చెప్పడానికి ఇంతే.
స్లైడు ఫిల్ము మాత్రం క్షమించదు:
అర స్టాపు ఎక్కువైతే అల్లికంతా సున్నం,
అర స్టాపు తక్కువైతే మాసిన గుడ్డ.
నెగెటివైతే ప్రింటు వేసేవాడు కాస్త సర్దుతాడు.
దీనికి సర్దేవాడు లేడు.
మీటరు నలుపుని చూసి మోసపోతుందని
నా అరచేతి మీద వెలుతురు కొలిచి, ఒక స్టాపు తెరిచి నొక్కేవాణ్ణి.
రీలు మద్రాసు పంపితే
పన్నెండో రోజున పార్సిల్లో తెలిసేది
నాకు పని వచ్చో రాదో.

కంపెనీ సోమరాజుగారిది ఒకటే షరతు:
"లేసు పడాలి. చేతులు పడకూడదు.
దొరసానులు చేతుల్ని చూసి కొనరయ్యా."
రుస్తుంబాద అరుగుల మీద అల్లేవాళ్ళు
నేను కెమెరా ఎత్తగానే
వేడి గిన్నె తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కునేవారు.

రీలు చివర ఒక్కోసారి ముప్పై ఏడో బొమ్మ వచ్చేది.
అది కంపెనీ లెక్కలోది కాదు, నాది.
సఖినేటిపల్లి రేవు, ఆగస్టు, పంటు నిండా జనం,
పంటు కింద ఎర్రటి గోదారి.
ఆటో కలర్ నొక్కితే
వరద నీళ్ళు బూడిదరంగు కాలవైపోయాయి.
ఎరుపు ఎక్కువైందని దాని ఉద్దేశం.
ఎక్కువే మరి, ఆగస్టు కదా!
దుమ్ము తుడిచే బటన్ నొక్కాను.
దుమ్ము పోయింది,
రెయిలింగు పక్కన నుంచున్న రూతమ్మ ముక్కుపుడకా పోయింది.
రెండూ వెనక్కి తిప్పాను.
దుమ్ముతోనే ఉండనీ.

ఉప్పుగాలి ఊరుకుంటుందా, కొన్నిటికి బూజు పట్టింది.
సన్నటి కొమ్మ, కొమ్మకి రెమ్మ, ముడి పక్కన ముడి.
పెద్దది చేసి చూస్తే
ఏది దారమో ఏది బూజో నాకే తెలియలేదు.
ఎవరో దానికీ క్రోషా సూది ఇచ్చినట్టున్నారు.

నాలుగు వందల పన్నెండోది స్కానర్లో దూరలేదు.
చెమ్మకి అట్ట మౌంటు ఉబ్బిపోయింది.
బ్లేడుతో కోసి ఫిల్ము ముక్క ఒక్కటే పెట్టాను.
అరవై మూడు శాతం దగ్గర కరెంటు పోయింది.
వచ్చేదాకా చీకట్లో కూచున్నాను.

వచ్చాక చూస్తే, బొమ్మకి ఎడమ అంచున
వేళ్ళు.
రెండు వేళ్ళ చివళ్ళు, గోళ్ళ దాకా.
గాలికి లేవకుండా లేసు మూలని అదిమిపెట్టి,
చూపుడువేలికి ఇంకా దారం చుట్టుకుని.
అప్పట్లో వ్యూఫైండరు నాకింత మేర చూపించలేదు.
చూపించనిది ఫిల్ము మీద పడింది.
పడ్డది మౌంటు కప్పేసింది.
కేటలాగు జర్మనీ వెళ్ళింది.

ఫోన్లో వేసుకుని రుస్తుంబాద వెళ్ళాను.
రూతమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని
దగ్గరగా పెట్టుకుని చూసింది.
"నాది కాదండి. ఇది సువార్త వేలు.
గోరు అడ్డంగా చీలుంది చూడండి, బావి గిలక నలిపేసింది.
చచ్చిపోయి చాన్నాళ్ళైందండి.
మరి దాని చెయ్యి మీ దగ్గరుందేంటి?"

ఏం చెప్పను?

ఇంటికొచ్చి ఫైలు పేరు మార్చాను.
నంబరు తీసేసి,
సువార్త, ఎడమ చెయ్యి, అని.
అంచు కత్తిరించలేదు.
తెల్లారేలోగా ఇంకో ముప్పై మౌంట్లు కోశాను.
ఇరవై ఆరింటిలో ఏమీ లేదు, వట్టి వెల్వెట్టు.
నాలుగింటిలో తొమ్మిది వేళ్ళు.
ఎవరివో తెలీదు.
బ్లేడు మొద్దుబారింది,
షాపులు తీశాక కొత్తది తేవాలి.