పదిహేడో లీవర్

బాలశౌరి సారు లాబుకొచ్చిన రోజు
బయట జూన్ మబ్బు, లోపల ఏసీ.
బల్ల మీద రెండొందల యాభై ఆరు చిన్న స్పీకర్లు
తేనెపట్టు గదుల్లెక్క, మూతులు పైకి పెట్టి.
చెవికందని చప్పుడుతోని
గాలినే గట్టిపరుస్తయని చెప్పిన.
"వినవడకుంటే అది చప్పుడెట్లయితది బిడ్డా?"
నా దగ్గర జవాబుంది, పద్నాలుగు పేజీలది.
చెప్పలే.

ముప్పై రెండేండ్లు
కాజీపేట అవతలి కేబిన్ల లీవర్లు గుంజిన చేతులు.
సిగ్నళ్ళకు ఎర్రవి, పట్టా మార్చేటియి నల్లవి,
తాళాలకు నీలంవి.
కేబిన్ కూలగొట్టి పదకొండేండ్లయినా
కండ్లు మూసుకొని వరుస చెప్తడు.

"చెయ్యి ఇక్కడ పెట్టుండ్రి సార్."
అరచేతిల ఏదో వాలింది.
"ఈగనా?"
కాదు, గాలి.
"ఫ్యాను కింద ఈగ" అని తనే సర్దుకున్నడు.

"పిడి ఇక్కడుందనుకోండ్రి. గుంజుండ్రి."
జేబులకెల్లి తువ్వాల తీసిండు,
నాలుగు మడతలేసి పిడికిట్ల చుట్టుకున్నడు.
తెర మీద అయిదు వేళ్ళ ఆకుపచ్చ ఎముకల బొమ్మ
ఆరిపోయింది.
చెయ్యి కనబడుట లేదు,
అంటది యంత్రం, ఆడగొంతుతోని.

"తువ్వాల తీయాలె సార్."
"ఒట్టి చేత్తోని పట్టొద్దు. చెమటకు ఇనుము తుప్పువడ్తది."
"ఇక్కడ ఇనుము లేదు కద."
"లేదని నీకు ఎరుక. చేతికి ఎరుకనా?"

మొగమాటానికి తీసిండు.
ఎడమకాలు ముందుకు, ఒళ్ళంత వెనక్కి.
గాలి ఊరికే వచ్చేసింది.
'టింగ్' అంది స్పీకరు, పని అయిందని.
పడబోయి కుర్చీ పట్టుకున్నడు.
నేను నవ్విన. ఆయన నవ్వలే.
"గింత అల్కగ వస్తే భయం బిడ్డా."

ఓసారి వానరాత్రి
పదిహేడో లీవర్ గిట్లనే అల్కగ వచ్చిందట.
మాస్టరు ఫోన్ల 'అయింది లే' అన్నడట.
చేతికి మాత్రం ఏదో తక్కువైంది.
లాంతరు పట్టుకొని తీగ వెంబడి నడిచిండు
కంకర మీద, ఐదొందల గజాలు.
పుల్లీ కాడ తెగి నీళ్ళల్ల పడుంది.
బండి అప్పటికి ఎక్కడున్నది
అని అడిగేలోపు చాయ్ వచ్చింది,
ఆయన బిస్కట్ ముంచుకునే పనిల పడ్డడు.

సాయంత్రం ఫాతిమానగర్ ఆటో ఎక్కించొచ్చి
ఆ 'టింగ్' చెరిపేసిన.
గుంజుతుంటే బరువు పెరగాలె,
సగంల ఆగాలె,
పదిసార్లల్ల ఒక్కసారన్న
రాను అనాలె.
ఎండకు తీగ ఎంత సాగుతదో, చలికి ఎంత బిగుస్తదో
లెక్క తెల్వక అంకెలు ఊహించి రాసిన.
ఈ గాలి నాలుగు గ్రాముల కన్న ఎక్కువ నూకదు.
నాలుగు గ్రాములల్ల
ఐదొందల గజాలు ఎక్కడ పట్టాలె?

తువ్వాల మర్చిపోయి పోయిండు.
బొగ్గు వాసన లేదు, బట్టలసబ్బు వాసన.
మడతలేసి చుట్టుకొని కెమెరా ముందర నిలబడ్డ.
చెయ్యి కనబడుట లేదు.
మల్ల.
చెయ్యి కనబడుట లేదు.
మల్ల.
రాత్రి రెండింటికి, నూటనలభయ్యోసారికి,
తెర మీద నాలుగు వేళ్ళు వచ్చినయి.
బొటనవేలు ఇంకా రాలే.