పదికి తొమ్మిదంటే సున్నా

పుంతా అరెనస్‌లో గాలి మొదలైతే
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకు నడవడానికి.
ఇది ముందే చెప్పకపోతే
నా రొట్టెల బండి సంగతి మీకు అర్థం కాదు.

బండి కొత్తది. పక్క తలుపు జారుడుది.
మంచు కరిగి గాలులు తిరిగిన మొదటి వారంలోనే
దాని గొళ్ళెం గాలితో లాలూచీ పడింది.
శ్మశానం మలుపులో తలుపు దానంతటదే తెరుచుకుని
నాలుగు తట్టల రొట్టెలు రోడ్డున పడ్డాయి.
పడ్డాయంటే పడలేదు,
ఎగిరాయి.
వీధికుక్కలకి ఆ పూట పెళ్ళిభోజనం.

సర్వీసు సెంటర్లో మూడుసార్లు విప్పి బిగించారు.
మూడుసార్లూ నేను ఇల్లు చేరేలోపే
ఫోను టింగుమంది:
"దోన్యా డానిత్సా, మీ అభిప్రాయం మాకు అమూల్యం!"

అమూల్యమట.
కాఫీ వేడిగా ఉందా?
కుర్చీలు మెత్తగా ఉన్నాయా?
మా ప్రతినిధి మిమ్మల్ని పేరు పెట్టి పలకరించారా, నవ్వారా?
మా వాహనాన్ని మీ ఆత్మీయులకు సిఫారసు చేసే అవకాశం
సున్నా నుంచి పది వరకు ఎంత?

ఆత్మీయులా?
మా అక్క మిలెన్కా బస్సెక్కుతుంది.
పిండి కలిపే ఓస్వాల్దోకి సైకిలుంది.

నడుము నొప్పని వెళ్తే
నాలుక చాపమన్నట్టు
ఇరవై రెండు ప్రశ్నలు.
తలుపు ఊసు ఒక్కదాంట్లోనూ లేదు.

మొదటిసారి నిజాయితీగా తొమ్మిది వేశాను.
మా నాన్న బడిపంతులు,
పదికి పది ఎవరికీ వేసి ఎరగడు.
తొమ్మిదంటే ఆయన లెక్కలో
నుదుటిమీద ముద్దు పెట్టినంత.

మర్నాడు ఎలిసెయో మా కొట్టుకొచ్చాడు.
మెకానిక్కు. చిలోయే దీవి కుర్రాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు.
రొట్టె కొనడానికే వచ్చినట్టు
చిల్లర లెక్కపెడుతూ, నా మొహం చూడకుండా అన్నాడు:
"పదికి తొమ్మిదంటే సున్నా కిందే లెక్క మేడమ్.
ఈ నెల నా బోనస్ పోయింది.
ఆ తలుపు నేను చేసింది కాదు.
ఎక్కడో గాలి లేని చోట గీశారు దాన్ని."

గాలి లేని చోట.
ఆ మాట రాత్రంతా నా పిండితోపాటు
పొంగుతూనే ఉంది.

అప్పట్నుంచీ పదులే వేస్తున్నాను.
నేను ముట్టని కాఫీకి పది.
ఎవరూ నవ్వని నవ్వుకి పది.
ఊళ్ళో అందరమూ అంతే, మొహమాటస్తులం:
చేపలవాళ్ళు, చాకలి కొట్టువాళ్ళు,
ఇదే తలుపుతో వేగుతున్న పద్నాలుగు మందిమీ
ఆ కుర్రాడి కోసం తలా ఒక పది.
పైన ఎవరో వాటన్నిటినీ పోగేసి చూసుకుని
దక్షిణాన జనం ఆనందంగా ఉన్నారనుకుంటారు కాబోలు.
ఈ ఏడు కొత్త మోడల్ వచ్చింది.
రంగు మారింది.
తలుపు అదే.

నిన్న మళ్ళీ వచ్చింది.
అన్నిటికంటే అడుగున ఒక ఖాళీ గడి:
"ఇంకేమైనా చెప్పదలిచారా?"
*తలుపు* అని రాశాను.
కనీసం యాభై అక్షరాలుండాలంది.
సరే మరి,
తలుపు తలుపు తలుపు తలుపు తలుపు
తలుపు తలుపు తలుపు తలుపు
తలుపు తలుపు
రాస్తుంటే అచ్చం
అర్ధరాత్రి షెడ్డులో అది కొట్టుకునే చప్పుడే.

"ధన్యవాదాలు! మీ సంతృప్తి నమోదైంది."

ఇవాళ చీకటితోనే, డ్యూటీకి పోతూ, ఎలిసెయో వచ్చాడు.
చేతిలో పడవతాడు ముక్క.
తలుపు పిడికీ సీటు కాలికీ కలిపి ఏదో ముడి వేశాడు,
వాళ్ళ తాత పడవల్లో వేసేదట.
లాగి చూపించాడు. మీరూ లాగండన్నాడు.
రొట్టె ఇస్తే డబ్బులివ్వబోయాడు, తిట్టి పంపాను.

శ్మశానం మలుపులో
గాలి తలుపుని జుట్టు పట్టుకు ఊపినట్టు ఊపింది.
తట్టలు కదల్లేదు.

బండి పక్కకాపి ఫోను తీసి చూశాను.
ఆ ముడి గురించి
ఎవరూ ఏమీ అడగలేదు.