పిల్లి మా ఇంట్లో లేదు

ముందు ఒక మాట చెప్పాలి.
ఆ బొమ్మలో బల్లెక్కి
హెర్రింగ్ చేపను నోట కరుచుకున్న పిల్లి ఉందే,
అది మా ఇంట్లో లేదు.
పిల్లి గాలి సోకితే చాలు, మా అమ్మగారికి తుమ్ములు.

ఒరిగిపోయిన గ్లాసు కూడా నాది కాదు.
ఆ పచ్చగాజు గ్లాసులుండేది బీరువాలో,
తాళంచెవి అమ్మగారి నడుముకి.
నేను తాగేది పలచటి బీరు, మట్టి ముంతలో,
అదీ నిలబడి.

ఇక నిద్ర.
అది నాదే. కాదనను.

వసంతంలో పెద్ద ఉతుకంటే ఏమిటో
లైడెన్‌లో ఏ పనిపిల్లనైనా అడగండి.
ఆరు నెలల దుప్పట్లు, అమ్మగారి పురిటి గుడ్డలు,
అయ్యగారి గంజి కాలర్లు ముప్పైనాలుగు.
బూడిదనీళ్ళలో ఒకసారి, పుల్లమజ్జిగలో ఒకసారి,
మళ్ళీ కాలవ, మళ్ళీ బకెట్లు, మళ్ళీ మెట్లు.
పైన పసిబిడ్డ ఏడుపు,
కింద కాగు మరుగు,
మూడు రాత్రులు.
నాలుగోనాటి మధ్యాహ్నం
ఉల్లిపాయ ఒలుస్తూ కూర్చున్నాను.
సగం ఒలిచినంతవరకూ గుర్తుంది.
నిద్ర దిండు అడగలేదు.

మేడమీద అద్దెకుండే లుబ్బర్ట్
బాకీ అడుగుతారేమోనని
మునివేళ్ళ మీద మెట్లు దిగేవాడు.
(మా ఇంట్లో పిల్లి అంటూ ఉంటే అది అతనే.)
ఆ రోజు దిగుతూ ఆగాడు.
ఎంతసేపో నాకు తెలీదు.
లేచేసరికి మూడో మెట్టు మీద ఎర్రసుద్ద నలుసులు,
నా చేతిలో ఉండాల్సిన కత్తి
బల్ల ఆ చివర.
జారి కోసుకుంటానని జరిపి ఉంటాడు.
అది మాత్రం మంచితనమే అనుకున్నాను.

అక్టోబరు తిరునాళ్ళలో చూశాను.
ఒక పక్క అట్లు కాల్చే పొగ,
ఒక పక్క పళ్ళు పీకేవాడి డోలు,
నడుమ గోనెపట్టా మీద వరసగా బొమ్మలు:
ఆవులు, ఓడలు,
తాగి తన్నుకుంటున్న రైతులు,
నేను.
జనం విరగబడి నవ్వుతున్నారు.
నల్లకోటాయన ఒకడు కొడుక్కి వేలెట్టి చూపిస్తున్నాడు,
"చూశావా, సోమరితనం ఇల్లెలా గుల్ల చేస్తుందో."
పిల్లవాడు పిల్లినే చూస్తున్నాడు.

కోపంగానే వెళ్ళాను దగ్గరికి.
తీరా చూస్తే
బొటనవేలి మీద బూడిదనీళ్ళు కాల్చిన మచ్చ,
ఉన్నది ఉన్నట్టు.
మోచేతి దగ్గర మాసిక,
నీలం మీద నీలమే గాని వేరే నీలం.
మా అక్క ఆల్కె వేసింది, ఎడమచేత్తో,
అందుకే కుట్టు వాలుగా నడుస్తుంది.
ఆ వాలు కూడా వదలలేదు.
అబద్ధాలన్నీ బల్లమీదే పెట్టాడు.
నా ఒంటిమీద ఒక్కటీ పెట్టలేదు.

తిట్టాలో వద్దో తేల్చుకోలేక
ధర అడిగాను.
పన్నెండు గిల్డర్లు. నాలుగు నెలల జీతం నాకు.
అమ్మేవాడు నా చెక్కజోళ్ళు చూసి
ఇంకొకరి వైపు తిరిగాడు.

చివరికి గాలిమర దగ్గరి రొట్టెలవాడు బార్టెల్ కొన్నాడు,
రొట్టెల అలమర పైన మేకు కొట్టి తగిలించాడు.
ఇప్పుడు రోజూ తెల్లవారకముందే వెళతాను.
రెండు రై రొట్టెలు,
అయ్యగారికి ఒక తెల్లది.
చిల్లర లెక్కపెడుతూ బార్టెల్ భార్య అంటుంది,
"ఆ మొద్దుమొహం చూడు హిల్లె,
నీలాంటి పిల్ల కాదు."
కళ్ళు తెరిచి ఉంటాను కదా,
పోల్చుకోదు.

నేనూ చెప్పలేదు.
చెబితే రొట్టె ధర తగ్గుతుందా?

పొయ్యి పొగకి బొమ్మ కాస్త కాస్త నల్లబడుతోంది.
ముందు గ్లాసు పోయింది చీకట్లోకి,
తర్వాత పిల్లి తోక.
కాలవ గడ్డకట్టిన ఉదయాల్లో
కాళ్ళు వెచ్చబడేదాకా ఇంకో నిమిషం నిలబడతాను.
ఆమె లేవదు.
ఎవరూ లేపరు.
చెంప అరచేతిలో,
ఉల్లిపాయ ఒళ్ళో,
ఇంకా సగమే ఒలిచి ఉంది.