ఒలికినంత మేర

తరమణిలో రాత్రి ఎనిమిదికి వరండా లైట్లు ఆర్పేశాక
నేనూ ఒక ఎలుక మెదడు ముక్కా మిగులుతాం.
గోటి మందమైనా లేదు ఆ ముక్క.
ఉప్పునీళ్ళలో, ఆక్సిజన్ బుడగల కింద
తానింకా ఎలుకననే అనుకుంటోంది పాపం.

గాజుసూది మొనని ఒక కణానికి ఆనించి
పీల్చీ పీల్చనట్టు పట్టుకుని కూర్చుంటాను,
దగ్గు వచ్చినా మింగేసి.

రెండు నరకణాల మధ్య సందు
మీటరులో అయిదు కోట్లో వంతు.
ఇవతలి ఒడ్డు గ్లుటమేట్ చల్లుతుంది,
అవతలి ఒడ్డు అందుకుంటుంది.
పుస్తకంలో అంతే. ఇద్దరి మధ్య మాట,
మూడోవాడికి పనిలేదు.

ఆ బొమ్మ గీసినవాడు
కొరుక్కుపేటలో ఎన్నడూ అద్దెకుండలేదు.

రైల్వే గేటు దాటాక మావి ఆరు పోర్షన్లు.
పక్కింట్లో ఎండుమిరప వేగితే
మా ఇంట్లో తుమ్ము.
నీళ్ళ లారీ వచ్చిన రోజున
ఎవరి బిందె పొర్లిందో, ఎవరి గడప తడిసిందో
తగువు తీరేలోగా లారీ వెళ్ళిపోతుంది.

మెదడులో తగువుండదు, ఊడ్చేవాళ్ళున్నారు కనక.
సందు చుట్టూ చుక్కల్లాంటి కణాలు,
పెళ్ళి పంక్తిలో విస్తళ్ళెత్తే మనుషుల్లా
తలెత్తకుండా, పేరు లేకుండా,
చల్లింది చల్లినట్టే ఎత్తేస్తుంటాయి.
వాటి పుణ్యమే, రహస్యం రహస్యంగా ఉండటం.

కానీ ఒకడు ఆపకుండా మాట్లాడితే?
ఊపిరి తీసుకోకుండా, గుక్క తిప్పకుండా?
చేతులు చాలవు.
గట్టు దాటి పక్కసందులోకి పోతుంది
తనకోసం కాని కబురు,
పల్చగా, ఆలస్యంగా.

ఇవాళ నేను చేసిందీ అదే.
ఒక మందు చుక్క వేసి ఊడ్చే చేతులు కట్టేశాను.
తెరమీద గీత దిగింది.
దిగి, వెంటనే లేవాల్సింది, లేవలేదు.
ఇష్టంలేని చుట్టంలా సాగుతూ సాగుతూ...
ఇది ఎదురింటి కబురు కాదు. పక్కింటిది.

ఇంకోటుంది. చెప్పకపోతే అబద్ధమవుతుంది.
ఒలికినదాన్ని అందుకునే ఆ గుమ్మంలో
మెగ్నీషియం అడ్డురాయి ఒకటి కూర్చుని ఉంటుంది.
కబురొచ్చి తట్టినంత మాత్రాన కదలదు.
లోపలివాళ్ళు అప్పటికే కాస్త మేలుకుని ఉండాలి.
నిద్రపోయే ఇంటికి
ఎంత ఒలికినా ఒలకనట్టే.

ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది.
కళ్ళు మూసుకుంటే గీత, తెరిచినా గీత.
అప్పుడు కరెంటు పోయింది.
ఆరు పోర్షన్ల ఫ్యాన్లూ ఒక్కసారే ఆగాయి.
రెండేళ్ళుగా ఆ ఫ్యాను రెక్కలు
ఏమేం ఊడ్చి పారేశాయో
అప్పుడు తెలిసింది.

గోడకవతల ధనభాగ్యం.
జాకెట్లకు హుక్కులు కుట్టే మనిషి.
మా ఇద్దరి మధ్యా తమిళమే ఇన్నాళ్ళూ:
తణ్ణి వందదా, కరెంట్ పోచ్చా, అంతకుమించి లేదు.

చీకట్లో హుక్కులు లెక్కపెడుతోంది.
స్టీలు పళ్ళెంలో టిక్కు. టిక్కు.
ముప్పయ్యొకటి.
ముప్పైరెండు.

తెలుగులో.

లేచి కూర్చున్నాను.
భాష ఎక్కడ దాచుకున్నా
లెక్క దగ్గర బయటపడుతుంది మనిషి.
ముప్పయ్యైదు అనటంలో ఆ నొక్కు
ఏ ఊరిదో, ఏ తరందో,
మా గూడూరు వైపుదైతే కాదు.

ముప్పయ్యారు.
అప్పుడే గూడ్సు బండి వచ్చింది.
యాభై పెట్టెలో, అరవై పెట్టెలో,
గోడ, మంచం, నా పళ్ళు అన్నీ వణికించి పోయింది.

టిక్కు లేదు.
"అయ్యో" అంది.
అది ఏ భాషైనా కావచ్చు.
హుక్కులు మళ్ళీ కుప్పలో పోయబోతున్నట్టు
పళ్ళెం గీరుకున్న చప్పుడు.

గోడకు నోరు ఆనించి
సున్నం వాసన మధ్య నుంచి
"ముప్పైఏడు" అన్నాను.

గోడ చాలాసేపు ఊరుకుంది.
బయట ఎవరో అగ్గిపుల్ల గీశారు, ఆరిపోయింది.

పల్చగా, ఆలస్యంగా:
"ముప్పయ్యెనిమిది."

టిక్కు.